కారుతున్న కుళాయి

గుడ్డలు చుట్టినా పెరటి కుళాయి గడ్డకట్టిపోయింది. సియావుష్ గోడ గొట్టం మీద కేటిల్‌తో వేడినీళ్లు పోస్తూ షహ్ర్‌కుర్ద్ ఊరి చలిని తిట్టుకుంటున్నాడు. పక్కింటి ముసలావిడ గోల్‌నెసా ఖాళీ బకెట్టుతో వచ్చింది.

"నిన్న ఏ మహానుభావుడో మా కుళాయి బిగించేశాడు నాయనా!"

"నీళ్లు వృథాగా కారుతుంటే పుణ్యానికి కట్టేసుంటాడు పిన్నీ," అన్నాడు తలెత్తకుండా. ఆ పుణ్యాత్ముడు తనే.

"కారాలనే కదా సన్నగా వదిలాను! కదిలే నీళ్లు గడ్డకట్టవు. మా ఇంటికి నీళ్లొచ్చేది మీ గోడలోంచేగా. మీ గొట్టం పగిలితే పసిపిల్లలతో ఇబ్బంది పడతారని!"

సియావుష్ చెయ్యి ఆగిపోయింది.

"వాడెవడో దొరకనీ, దుమ్ము దులిపేస్తాను!"

కేటిల్ కింద పెట్టి, "దొరికాడు పిన్నీ, దులుపు," అన్నాడు.