సూది ముట్టని రోజు

“అంగీ చెయ్యి చిరిగింది, కాస్త కుట్టిపెట్టమ్మా,” అంటూ నాగసాకి నుంచి వచ్చిన అధికారి గడప దగ్గర కూర్చున్నాడు. “కిరస్తానీలు తమ పండగలకి సూది ముట్టరట. నిజమో కాదో ఇల్లిల్లూ తిరిగి చూస్తున్నా.”

ఆ ఇంటి కోడలు ఇసో అంగీ అందుకుంది. ఇవాళ మరియ తల్లి పండగ. తెల్లవారకముందే మామగారు చెవిలో చెప్పాడు. గుట్టుగా రోజులు లెక్కగట్టి ఊరందరికీ పండగలు చెప్పేది ఆయనే. పోయినేడు ఇలాంటి రోజున ఆమె మరిచిపోయి చిన్న చిరుగు కుట్టినందుకు, ఆయన నెల్లాళ్ళు ఆమెతో మాట్లాడలేదు.

కుడితే పాపం. కుట్టకపోతే నిషేధించిన మతమని బయటపడి ఇంటిల్లిపాదికీ చావు. వణికే వేళ్ళతో ఎంత ప్రయత్నించినా దారం సూదిలోకి ఎక్కలేదు.

“ఏమ్మా, చలేస్తోందా?”

“మా కోడలికి కుట్టు రాదండయ్యా. వలలు బాగుచేసే చెయ్యి నాది,” అని మామగారు సూది లాక్కున్నాడు. తలెత్తకుండా చివరిదాకా కుట్టాడు.

అధికారి వెళ్ళిపోయాక ఇసో తలుపు మూసింది. “ఇవాళ పండగని మీరే కదా మామయ్యా చెప్పారు?”

“చెప్పాను.” ముసలాయన సూదిని చాపకు గుచ్చాడు. “పైన ఆ తల్లి అడిగితే, ముసలాణ్ణి, లెక్క తప్పానని చెబుతాలే.”