నలభై రెండు మార్కులు

"ఆ నలభై రెండుని డెబ్బై రెండు చెయ్యండి టీచర్. ఒక్క అంకె. అంతే," అన్నాడు మెర్ల్ వాస్.

"నాలుగుని ఏడు చెయ్యడం నీకు ఎనిమిదో తరగతి నుంచీ అలవాటేగా," అంది ఆర్డిస్ టైగన్, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

టీవీలో డిబేట్ అప్పుడే ముగిసింది. పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి నిలబడతామంటూ నలుగురు రెండు గంటలసేపు వాదులాడుకున్నారు. ఆర్డిస్ మాత్రం వాళ్ళలో ఒక్కరి ముఖమూ చూడలేదు. టీవీకి వీపు పెట్టి కూర్చుంది. హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు డిబేట్ నేర్పిన మనిషి. ముఖం చూస్తే మార్కు జారుతుందని ఆమె నమ్మకం. కాగితం మీద నాలుగు నిలువు గళ్ళు గీసుకుంటుంది. అడిగినదానికి జవాబొస్తే టిక్కు, రాకపోతే సున్నా. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆమె వేసిన మార్కులు అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి పత్రికలో మొదటి పేజీ ఎక్కుతాయి. ఆ పత్రిక మెర్ల్‌ది.

ఈసారి వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ నలుగురిలో ఒకడు, క్లిఫ్ హ్యూగన్, ఆ ఊరివాడే. అందరికన్నా తక్కువ మార్కులు వచ్చింది అతనికే.

"ఎల్లుండే ఓటింగు. సొంత ఊళ్ళోనే ఓడిపోతే క్లిఫ్ పని అయిపోయినట్టే. పోటీలోంచి తప్పుకోవాల్సిందే. వాడు మీ శిష్యుడు టీచర్!"

"శిష్యుడు కాబట్టే సిగ్గేసింది. పల్లెల్లో ఆసుపత్రులు మూతపడుతున్నాయి, ఏం చేస్తావని అడిగారు. ఏం చెప్పాడు?"

మెర్ల్ నసిగాడు. "వాళ్ళ అమ్మమ్మ గురించి..."

"అమ్మమ్మ చేసే ఆపిల్ పై గురించి! గంట కొట్టినా ఆపలేదు. వినలేక చచ్చాను."

"మీరు వేసిన మార్కు తప్పని ఈ ఊళ్ళో ఇంతవరకూ ఒక్కడూ అనలేదు. ఈ ఒక్కసారికీ ఓ ముప్ఫై మార్కులు ఎక్కువేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. వేస్తే నలభై రెండే వెయ్యి. లేదంటే నా పేరు తీసెయ్యి."

మెర్ల్ ఆ పేరు తీసే ధైర్యం చెయ్యలేదు. ఆదివారం పొద్దున్నే ప్రత్యేక సంచిక అచ్చయింది. పై రాష్ట్రం నుంచి వచ్చిన సెనెటరమ్మకి ఎనభై ఒకటి, క్లిఫ్‌కి నలభై రెండు.

చర్చి నుంచి వస్తూ ఆర్డిస్ కాఫీకి ఆగింది. హోటల్ నడిపే బెవ్ కప్పుని టేబుల్ మీద ఠప్పున పెట్టింది. సగం కాఫీ సాసర్లోకి ఒలికింది.

"ఎవరో దారినపోయే ఆవిడకి ఎనభై ఒకటీ, మన పిల్లాడికి నలభై రెండూనా? మీకు చేతులెలా వచ్చాయి?"

"ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలవా బెవ్?"

"మీకు మీసాల్లేవుగా! సరే, రేపు జిమ్‌లో మీరు ఏ మూలకి నడుస్తారో ఊరంతా చూస్తుంది."

"చూడండి. నడవడానికి నాకేం భయం?"

భయం లేకేం. ఆ ఊళ్ళో ఓటు చాటుగా వెయ్యరు. స్కూలు జిమ్‌లో ఒక్కో అభ్యర్థికీ ఒక్కో మూల. ఇరుగూ పొరుగూ చూస్తుండగా తమ మనిషి మూలకి వెళ్ళి నిలబడాలి. ఏడింటికి విజిల్ ఊదితే ఎక్కడివాళ్ళక్కడే, తలలు లెక్కపెడతారు. నూటికి పదిహేను మందైనా లేని మూలని ఎత్తేస్తారు. ఊరికి ఊరే తన మీద కత్తులు నూరుతుంటే వాళ్ళ కళ్ళముందు నడవడం మాటలా? అయినా ఆర్డిస్ వెళ్ళి తీరాలనే అనుకుంది.

సోమవారం సాయంత్రం మంచు దంచికొట్టింది. కారు రెండుసార్లు జారింది. ఆమె జిమ్ గుమ్మం దాటేసరికి ఏడుకి ఒక్క నిమిషం తక్కువ. అందరి బూట్ల మంచూ కరిగి నేల తడితడిగా ఉంది. పడితే తుంటి విరుగుతుంది. చేతికర్ర కొన మీదే చూపు నిలిపి, క్లిఫ్ వాళ్ళకిచ్చిన కిటికీ పక్క మూలకేసి ఒక్కో అడుగే వేసింది. జిమ్ అంతా ఒక్కసారిగా మాటలు ఆపేసింది. అందరూ తననే చూస్తున్నారని ఆమెకి తెలుసు. అయినా ఆగకుండా నడిచింది. గోడ చేతికి తగిలాక దానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని, మొదటి ఎత్తిపొడుపు కోసం ఎదురుచూసింది.

విజిల్ మోగింది. ఎవరూ ఏమీ అనలేదు. లెక్కరాసే మెర్ల్ అడుగుల చప్పుడు మాత్రం దగ్గరికొచ్చింది.

"టీచర్... మీరేంటి, ఇక్కడ?"

"నా ఓటు ఇక్కడే." ఆర్డిస్ కళ్ళు తెరవలేదు. "వాడికి మాట్లాడ్డం రాదని మార్కులు తగ్గించాను. పని చెయ్యడం రాదన్నానా? మన ఆసుపత్రికి తాళం పడకుండా రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది ఎవరు? ఆ ముక్క చెప్పుకోవడం కూడా చేతకాదు వెధవకి! మార్కు మాటకి, ఓటు మనిషికి. తిట్టేవాళ్ళంతా తిట్టండి, పడతాను. ఆ తర్వాత లెక్కపెట్టుకో."

మెర్ల్ చేతిలోని లెక్కల కాగితం విప్పాడు.

"తిట్టడానికి ఈ మూలలో ఇంకెవరూ లేరు టీచర్," అన్నాడు, క్లిఫ్ పేరు పక్కన ఒకటి వేసుకుంటూ. "మీ మార్కులు చూసి ఊరంతా ఆ సెనెటరమ్మ మూలకి వెళ్ళిపోయాం."