మూడో వైరు

దుకాణం ముందు తిరుగుతున్న కూలర్ రేకుకు మాణిక్యమ్మ టెస్టర్ ఆనించింది. టెస్టర్‌లో ఎర్ర దీపం వెలిగింది.

"చూసిండ్రా? ముట్టుకుంటె పానం పోతది" అంది, బేరమాడుతున్న వాళ్ల వైపు తిరిగి.

కొనడానికి వచ్చిన భార్యాభర్తలు మొహామొహాలు చూసుకున్నారు. పిల్లను చంకకెత్తుకుని పక్క దుకాణానికి నడిచారు.

పత్తర్‌గట్టి ఎండలో పది రోజులుగా ఆమెకు ఇదే పని.

పనివాడు శివయ్య ఆమె రెక్క పట్టుకోబోయాడు.

"ఏయ్ శివయ్యా, చెయ్యి తియ్!" గల్లా దగ్గర్నుంచి అరిచాడు ప్రహ్లాద్. దుకాణం అతనిది. కూలర్లూ అతనివే. ఫలక్‌నుమాలో షెడ్డు వేసి చేయిస్తున్నాడు.

"గిరాకీ టైంల గీ లొల్లేందమ్మా? కరెంటన్నంక జర కొట్టదా? బర్రె గూడ తంతది. పాలు తాగుడు బంద్ చేస్తమా?"

"బర్రె తంతె పండ్లు రాల్తయ్. ఇది తంతె పాడె లేస్తది."

"తడి చేత్తోటి ముట్టొద్దని చెప్పే అమ్ముతున్నం."

"ఎవలికి చెప్పినవ్? దోగాడే పోరగాండ్లకు చెప్పినవా?"

ప్రహ్లాద్ గల్లాలోని నోట్లు సర్దసాగాడు. గల్లా పక్కన అతని టిఫిన్ డబ్బా మూత తీయకుండా అట్లాగే ఉంది. మాణిక్యమ్మ చూసింది. చూడనట్టే టెస్టర్‌ను కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

అసలే ఆమెది పిరికి గుండె. బల్లి పలికినా భయమే, పోస్టుమాను పిలిచినా భయమే. అలాంటి మనిషి కళ్లెదుటే పన్నెండు రోజుల కింద, పురానాపూల్ గల్లీలో, పక్కింటి కృష్ణమ్మ కూతురు కమల ప్రహ్లాద్ దుకాణంలో కొన్న కూలర్‌ను తడి చేత్తో పట్టుకుని అతుక్కుపోయింది. మాణిక్యమ్మే కట్టెతో కొట్టి విడిపించింది. పిల్ల బతికింది. అరచేయి కాలింది.

మాణిక్యమ్మ భర్త దుర్గయ్య లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ కూలర్ ప్లగ్గు విప్పి చూశాడు. మూడు కాళ్ల ప్లగ్గు. లోపల రెండే వైర్లు.

"ఎర్తు వైరే ఇయ్యలే. రేకు మీదికి కరెంటొస్తె భూమిలకు గుంజేది అదే. నాలుగు గజాల వైరు మిగిలిచ్చుకున్నడు" అన్నాడు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

ఆ వేసవిలో ఆ దుకాణం నుంచి నలభై మూడు కూలర్లు పోయాయి. నలభై మూడు ఇళ్లు. ఎక్కడ ఏడుపు వినిపించినా మాణిక్యమ్మ గుండె జారిపోయేది. అయ్యో, అయిందేమో. ఏ తల్లి కడుపు కాలిందో. ఈ భయాన్ని ఆమె కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. దీని వెనుక ఇంకో భయం ఉంది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వినియోగదారుల సంఘం నడిపే వైకుంఠం సారు దగ్గరికి పోయింది.

"కొత్తగా వినియోగదారుల ఫోరం పెట్టిండ్రు. వకీలు అక్కర్లేదు. కాని కొన్నోళ్లే ఫిర్యాదు ఇయ్యాలె. బిల్లుండాలె" అన్నాడాయన.

కృష్ణమ్మ దగ్గర బిల్లు లేదు. "పిల్ల దక్కింది, నాకదే చాలు" అని తలుపేసుకుంది.

మర్నాడు ప్రహ్లాద్ ఫలక్‌నుమా పోయిన సమయం చూసి, మాణిక్యమ్మ దాచుకున్న పైసలతో దుకాణంలో ఒక కూలర్ కొన్నది.

శివయ్య తల గోక్కున్నాడు. "నీకు బిల్లెందుకమ్మా?"

"రాయి. పేరు, తారీఖు, మొహరు, అన్ని ఉండాలె."

ఫిర్యాదు మీద ఆమె సంతకం పెట్టే ముందు వైకుంఠం సారు కాగితానికి చేయి అడ్డం పెట్టాడు. "మాణిక్యమ్మా, మళ్లొకసారి సోంచాయించుకో. దుకాణం మూతబడొచ్చు. అటెన్క ఏడిస్తె లాభం లేదు."

"ఏడ్సుడు ఇప్పుడే అయిపోనియ్యి సారూ."

సంతకం చేస్తుంటే పేరులో ఒక అక్షరం గీత దాటిపోయింది.

మూడు వారాలకు ఫిర్యాదు విచారణకు వచ్చింది. ప్రహ్లాద్ ఒక్కడే వచ్చి తల దించుకుని నిలబడ్డాడు.

"మీరు కొన్న కూలర్ మిమ్మల్ని కొట్టిందా?" అడిగాడు ఫోరం అధ్యక్షుడు.

"ప్లగ్గే పెట్టలే సార్."

వెనుక ఎవరో నవ్వారు. మాణిక్యమ్మ సంచిలోంచి ప్లగ్గు తీసి, మూత విప్పి బల్ల మీద పెట్టింది.

"మూడు కాళ్లు. రెండు వైర్లు. లెక్క మీరే చూడుండ్రి."

అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని చూశాడు. "నష్టపరిహారం ఎంత అడుగుతున్నారు?"

"నయా పైస వద్దు. అమ్మినయన్ని వాపస్ తెప్పిచ్చి మూడో వైరు ఏపియ్యిండ్రి."

"నువ్వేమంటావు?" ప్రహ్లాద్‌ను అడిగాడు.

ప్రహ్లాద్ తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

"ఆమె చెప్పింది నిజమే సార్. ఏపిస్త."

అధ్యక్షుడు కలం కింద పెట్టాడు. "నాకొకటి అర్థం కావడం లేదమ్మా. డబ్బు వద్దంటారు. కూలర్ వాడనేలేదు. రోజుల తరబడి ఎండలో నిలబడి ఇతని వ్యాపారం చెడగొట్టారట. ఇతన్ని జైలుకు పంపేదాకా నిద్రపోనంత కక్ష ఏముంది మీకు?"

మాణిక్యమ్మ కొంగు ముడి విప్పింది. టెస్టర్ తీసి ప్లగ్గు పక్కన పెట్టింది.

"రేపు ఎవలన్న సస్తె వీడు జైలుకు పోతడనే నాకు నిద్ర లేదు సార్, వీడు నా కడుపున పుట్టిన కొడుకు."