అబద్ధపు నడుం

పిల్ల కంచం పక్కకి తోసేసింది. తల్లి కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"బళ్ళో కళ్ళు తిరిగి పడ్డావట. టీచరమ్మ ఫోన్ చేసి నాకు గడ్డి పెట్టింది. ఒక్క ముద్ద తినవే, నా తల్లివి కదూ!"

"నాకొద్దు. ఎంత లావైపోయానో చూడు!" హాల్లో గోడకున్న తన పుట్టినరోజు ఫొటో చూపించింది. చుట్టాలంతా ముచ్చటపడ్డ ఫొటో అది. "అప్పుడెలా ఉన్నాను, ఇప్పుడెలా ఉన్నాను?"

"ఏం లావే? గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నావు!"

అంటూనే పిల్ల ఫోన్‌లోకి తొంగి చూసింది తల్లి. సన్నబడే పొడి ప్రకటన. ఒక పక్క బొద్దుగా ఓ అమ్మాయి, రెండో పక్క అదే అమ్మాయి, నడుం పిడికిట్లో ఇమిడేంత.

ఓహో, ఇదా సంగతి! తల్లికి ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండదు చెప్పండి, ఆ బొమ్మ దిద్దింది తనే మరి. ఫొటో స్టూడియోలో ఆవిడ పనే అది, మొటిమలు చెరపడం, పొట్టలు లోపలికి నొక్కడం. చేసీ చేసీ, ఏ ఫొటో ముందుకొచ్చినా చెయ్యి దానంతటదే పోతుంది.

పిల్లని రెక్క పట్టుకుని స్టూడియోకి లాక్కెళ్ళింది. దిద్దకముందు ఫొటోలు తెరిచింది.

"చూడవే పిచ్చిమొహమా! రెండూ ఒక్క పూటే తీశారు. ఇక్కడ పొట్ట ఉబ్బించమన్నారు, అక్కడ ఊపిరి బిగబట్టమన్నారు. మిగతాది నేను కోశాను."

"ఉత్తదే! కోస్తే తెలీదా?"

"చూసే కళ్ళుంటే తెలుస్తుంది. నీ ఫోన్‌లో బొమ్మలో నడుం పక్కన ఆ తలుపంచు చూడు. నడుం లోపలికి లాగితే అదీ వంగింది. తిన్నగా ఉండాల్సింది ఎక్కడ వంకర తిరిగిందో, అక్కడ అబద్ధం ఉన్నట్టు."

పిల్ల కళ్ళింత చేసుకుని చూసింది. కిసుక్కున నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని!

"ఆకలేస్తోందమ్మా" అంది దారిలో. తల్లి కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొస్తూనే వంటింట్లోకి పరిగెత్తి కంచం నిండా వడ్డించి తెచ్చింది. పిల్ల హాల్లో తన పుట్టినరోజు ఫొటో ముందు నిలబడి ఉంది, మొహం గోడకి ఆనించేంత దగ్గరగా.

"రావే, చల్లారిపోతుంది."

పిల్ల వెనక్కి తిరగలేదు.

"అమ్మా... నా నడుం పక్కన ఈ కిటికీ ఊచ ఎందుకు వంగింది?"