వయసు రుజువు

"చెప్పులు ఎక్కడ వదలమంటారండీ?"

పదిహేను వందల మీటర్ల పందానికి గీత దగ్గర నిలబడి ముసలాయన అడిగాడు. బూట్లేసుకున్న వాళ్లంతా ఫక్కున నవ్వారు.

నలభై దాటినవాళ్లకి ఏలూరులో పరుగుపందేలు పెట్టడం ఆ రెండు వేల ఏడు జనవరిలోనే మొదలు. పెట్టించింది డ్రిల్లు మాస్టారు శ్యామ్ సుందర్. నెట్ సెంటర్లో కూర్చుని వయసుల పట్టిక ఒకటి సంపాదించాడు. ఎవరు ఎంతసేపట్లో పరిగెత్తినా, వాళ్ల వయసుకెదురుగా పట్టికలో ఉన్న అంకెతో గుణిస్తే, మంచి వయసులో ఎంతలో పరిగెత్తేవారో తేలిపోతుంది.

"కాలేజీ రోజుల్లో నాది నాలుగు నిమిషాల ఆరు సెకన్లండి. తాతకీ మనవడికీ ఈ పట్టికలో ఒకటే న్యాయం," అని పొద్దుట్నుంచీ పదిమందికి చెప్పాడు.

ముసలాయన అందరికంటే ఆఖర్న వచ్చాడు. ఆరు నిమిషాల నలభై సెకన్లు.

"మీ పేరండీ?" అడిగాడు శ్యామ్ సుందర్.

"దేవసహాయం అండి."

"వయసు?"

"డెబ్బై రెండండి."

శ్యామ్ సుందర్ గుణించాడు. నాలుగు నిమిషాల ఇరవై ఎనిమిది. మళ్లీ గుణించినా మారలేదు. అందరికంటే ముందొచ్చిన హర్షవర్ధన్ లెక్కే నాలుగు ముప్పై మూడు.

అంటే ఫస్టు ఈయనే!

"ఏం చేస్తుంటారు?"

"కొల్లేటి పక్కన చేపల చెరువు కాపలా అండి. పిట్టలు వాలితే డబ్బా కొట్టుకుంటూ గట్టంతా పరిగెత్తాలండి."

ఆ మాటతో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"నీకు డెబ్బై రెండేళ్లుండవు. పట్టిక సంగతి ఎవరో చెప్పుంటారు, వయసు పెంచేశావు. రుజువేదీ?"

ముసలాయన మొహం చిన్నబోయింది.

"బళ్లోకి వెళ్లలేదండి. కప్పు నాకొద్దు మాస్టారూ, కాగితం ఒక్కటి ఇప్పించండి. ముసలాడివైపోయావు, మానెయ్యమంటున్నారండి చెరువు యజమాని. ఇంకా పరిగెడుతున్నానని చూపించుకోవాలండి. ఆ పని లేకపోతే నాకు తిండి లేదండి."

"చర్చిలో బాప్తిస్మం పుస్తకం ఉంటుందిగా? నకలు తీసుకురా. సోమవారం దాకా ఆగుతాను."

దేవసహాయం చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు.

"చూశారా! నిజమైతే పరిగెత్తుకుంటూ వచ్చేవాడు కాదూ?" అన్నాడు శ్యామ్ సుందర్ స్టాఫ్ రూములో. జాబితాలో ఆ పేరు ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన 'వయసు అబద్ధం' అని రాశాడు.

ఐదు నెలల తర్వాత, తోటి టీచరు కెజియా తమ్ముడి పెళ్లికి కొల్లేటి పక్కన ఓ ఊరి చర్చికి వెళ్లాడు. భోజనాలయ్యాక సమాధుల వైపు నడిస్తే కొత్త సిమెంటు సిలువ కనబడింది. దేవసహాయం. 1929 - 2007.

శ్యామ్ సుందర్ గబగబా పాస్టరుగారి దగ్గరికి వెళ్లాడు.

"పాస్టరుగారూ, పుట్టిన సంవత్సరం తప్పు పడినట్టుందండి."

"తప్పెందుకవుతుందండీ? పుస్తకంలో చూసే రాయించాను."

"అలాగైతే డెబ్బై ఎనిమిది! నాతో డెబ్బై రెండన్నాడే?"

"అందరికీ అలాగే చెప్పేవాడండి. అసలు వయసు తెలిస్తే యజమాని ఆ రోజే పొమ్మంటాడని భయం. పుస్తకం నకలు తెమ్మని ఏలూరులో ఎవరో అన్నారటండి. తీసుకెళ్తే కాగితం మీద అసలు వయసు పడి పని పోతుంది, తీసుకెళ్లకపోతే కాగితం రాదు. పొద్దంతా ఇదే గుమ్మంలో కూర్చుని, వద్దులెండి అని లేచిపోయాడు."

"మరి పని?"

"ఆ వారమే తీసేశారండి. ఒకర్ని చెయ్యి చాచి అడిగే మనిషి కాదు. కబురు తెలిసి మేం వెళ్లేసరికి గుడిసెలో పొయ్యి రాజేసి ఎన్నాళ్లయిందో కూడా తెలియలేదండి."

ఇంటికి రాగానే శ్యామ్ సుందర్ పట్టిక తీశాడు. డెబ్బై ఎనిమిదికి ఎదురుగా ఉన్న అంకెతో గుణించాడు. మళ్లీ గుణించాడు.

సరిగ్గా నాలుగు నిమిషాలు.

కొత్త బూట్లేసుకుని, కడుపునిండా తిని పరిగెత్తిన ఇరవై రెండేళ్ల శ్యామ్ సుందర్ కంటే, ఆ చెప్పుల్లేని మనిషి ఆరు సెకన్లు ముందున్నాడు.