సున్నా

"వాంతులు లెక్కపెట్టారు సరే, మనిషి ముఖం చూశారా మీరు?" అంటూ నర్సు గర్భిణి మొగుడి మీదా, అత్త మీదా విరుచుకుపడింది.

గోడౌన్‌లో గుమాస్తా అయిన మొగుడు నోటుబుక్కు తీశాడు. "సోమవారం పదిహేడు సిస్టర్. నిన్న రెండు, ఇవాళ సున్నా. తగ్గిపోయాయి."

"మూడో నెల దాటితే అవే పోతాయని చెప్పానా!" అంది అత్త.

మంచం మీది కోడలు గోడకేసి చూస్తూనే అంది. "పోలేదత్తయ్యా. మంచినీళ్లు కూడా మానేశాను. లోపల ఏమీ లేకపోతే బయటికేం వస్తుంది?"

"ఎందుకు మానేశావే?"

"ఎందుకు తాగాలో తెలియట్లేదు. పొద్దున్నే ఎందుకు లేవాలో కూడా తెలియట్లేదు."

మొగుడు సున్నాకేసి చూశాడు. పొద్దున సంతోషం పట్టలేక దాన్ని రెండుసార్లు దిద్దాడు. బుక్కు మూసేశాడు.

"సిస్టర్, సెలైన్ పెట్టండి. మనసు చూసే డాక్టర్ని కూడా పిలవండి. రేపు కాదు, ఇప్పుడే."