నిప్పు దగ్గర మనిషి

"లోపలికొస్తావా, లేకపోతే మీ అమ్మని మంచంతో సహా పెరట్లోకి మోసుకు రమ్మంటావా?" అంది వెర్లీన్, వంటింటి తలుపుని మోచేత్తో ఆపి పట్టుకుని.

రాయ్స్ కుర్చీలోంచి కదల్లేదు. అతని ముందు మాంసం కాల్చే పింగాణీ గ్రిల్ నడుమెత్తున, పెద్ద గుడ్డులా కూర్చుని ఉంది. మూత మూసి ఉంది. పైనున్న చిల్లులోంచి సన్నటి నీలం పొగ లేస్తోంది. లోపల పంది భుజం తెల్లవారుజాము నుంచీ మగ్గుతోంది.

"ఇప్పుడెలా వస్తాను చెప్పు? మాంసం మొండికేసే టైమిది. ఎంతసేపైనా లోపల వేడి ఎక్కదు. ఇక్కడ కాస్త ఏమరుపాటుగా ఉంటే అంతా పాడైపోతుంది. నిప్పు దగ్గర మనిషి ఉండాలి."

"అత్తమ్మకి పక్క మార్చాలి. దుప్పటి తడిసింది. నా ఒక్కదాని వల్ల కావట్లేదు."

"కాసేపు ఓర్చుకోమను."

వెర్లీన్ లోపలికి తిరిగింది. కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రంతా నిలబడి వచ్చింది. వేసుకున్న రబ్బరు బూట్లు ఇంకా విప్పలేదు. ఈ ఒక్క పనీ అయితే ఒక గంట కన్ను మూద్దామని పొద్దుటి నుంచీ అనుకుంటోంది. ఆ ఒక్క పని వెనకాల ఇంకో పని వస్తూనే ఉంది.

తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ ఒడెస్సాని ఒక్కతే ఒక పక్కకి ఒత్తిగిలించింది. అత్తగారు కెవ్వుమంది.

"నీ చేతులేంటే అమ్మాయ్, మంచుగడ్డల్లా ఉన్నాయి! ఆ చచ్చిన కోళ్ళతో పాటు నిన్ను కూడా ఐసులో పెట్టారా?"

"పెడితే బావుండేది అత్తమ్మా. కాసేపు పడుకునేదాన్ని."

ఒడెస్సా పళ్ళు లేని నోటితో నవ్వింది. "వాడేడీ, నా కొడుకు?"

"నిప్పు దగ్గర."

"పాపం, ఎండలో మాడిపోతున్నాడు. కాస్త చల్లటి టీ ఇవ్వకపోయావా?"

వెర్లీన్ దుప్పటి జాడించి పిండి, ఒక చేత్తో దాన్నీ ఇంకో చేత్తో టీ గ్లాసునీ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. గ్లాసు మొగుడి పక్కన పెట్టి, తీగ మీద దుప్పటి ఆరేస్తుంటే కంచె అవతల నుంచి టాలివర్ తల పైకి లేచింది. పక్కింటాయన. చేతిలో గాలం కర్ర, నెత్తి మీద గడ్డి టోపీ.

"పొగకి హికరీ కట్టె వేశావేంటి అబ్బాయ్? వీధి చివరికి వస్తోంది వాసన!" అన్నాడాయన. "అయినా ఆ కాపలా ఏంటి దానికి? పారిపోతుందనా?"

రాయ్స్ ఊరుకోమన్నట్టు ఆయనకేసి కన్ను కొట్టాడు. ఆయనకి అర్థం కాలేదు.

"నాదీ ఇలాంటిదేగా. పొద్దున్నే బొగ్గు పోసి, కింద గాలి సందు వేలెడంత తెరిచి, మాంసం పడేసి చెరువుకి పోతాను. సాయంత్రం వచ్చి చూస్తే వేడి చూపించే ముల్లు వెంట్రుకవాసి కదిలుండదు. పింగాణీ సుఖమే అది! మనిషితో పని లేదు." ఆగి, కళ్ళు చికిలించి చూశాడు. "కంట్లో పొగ పడిందా ఏంటి రాయ్స్, అలా కొట్టుకుంటోంది?"

దుప్పటి మీద వెర్లీన్ చేతులు ఆగిపోయాయి. టాలివర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చేపలు పడే వేళ దాటిపోతోందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

వెర్లీన్ దుప్పటి అంచులు సరిచేసింది. అరిస్తే బావుండునని ఉంది గానీ, అరవడానికి ఓపిక లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

రాయ్స్ గ్రిల్ వైపు చూస్తూ కూర్చున్నాడు. "దీన్ని కొన్నప్పటి నుంచీ."

"ప్రతి శనివారం?"

"ఊఁ."

"నేను లోపల నడుం విరగ్గొట్టుకుంటుంటే?"

అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "వారమంతా మిల్లులో రంపాల మోత. ఇంటికొస్తే అమ్మ మూలుగు. ఇక్కడ కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు. మూత వేసి ఉంటుంది. లోపల దాని మానాన అది మెత్తబడుతూ ఉంటుంది. నేనేం చెయ్యక్కర్లేదు. పొగ వాసన చూస్తూ ఊరికే ఉండటమే. అంత సుఖం నాకింకెక్కడా లేదు వెర్లీన్."

"మరి నాకు?"

రాయ్స్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. లేచి, గ్లాసు తీసుకుని, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

వెర్లీన్ తనకి తెలియకుండానే ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది. బూట్లు విప్పింది. ఒక్క నిమిషమే, అనుకుంది. పింగాణీ వెచ్చదనం పాదాలకి తగిలింది. పొగలో తీపి, కరిగే కొవ్వు వాసన, పైన పైన్ చెట్లలో గాలి. రాత్రంతా ఐసులో ఉన్న వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. కళ్ళు మూతలు పడ్డాయి.

"వెర్లీన్!" కిటికీలోంచి అత్తగారి గొంతు. "ఓ అమ్మాయ్! నా వీపు కింద దిండు జారింది. వినపడుతోందా?"

వెర్లీన్ కళ్ళు తెరిచింది. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి లేవబోయింది.

అప్పుడు లోపల మంచం కిర్రుమంది. రాయ్స్ గొంతు చాలా సీరియస్‌గా వినిపించింది.

"తనిప్పుడు రాకూడదమ్మా. మాంసం మొండికేసింది. నిప్పు దగ్గర మనిషి ఉండాలి."